సెమిస్టర్ క్యాలెండరు మీద కట్టిన ట్రయథ్లాన్ శిక్షణ: ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని కేస్ స్టడీ

ఈ కేసు హైదరాబాద్ శివార్లలోని ఒక కళాశాలలో బీటెక్ చదువుతూ, హాస్టల్‌లో ఉంటూ, పది నెలల్లో గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 పోటీకి సిద్ధమైన ఒక విద్యార్థినిది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, ఆమెను గుర్తుపట్టగలిగే వివరాలు తీసివేశాను. మొదటి మూడు నెలల్లో కోచ్‌గా నేను చేసిన పొరపాటు, ఆ తరువాత ప్రణాళికను మొదటి నుంచి మార్చి కట్టిన తీరు, విద్యార్థులకు శిక్షణ ఇచ్చే ఇతరులకు పనికివస్తాయన్న ఉద్దేశంతో కేసును పూర్తిగా నమోదు చేస్తున్నాను.

పోటీ గురించి తెలియని వారి కోసం రెండు మాటలు. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు ఆగకుండా వరుసగా పూర్తిచేయాలి. మొత్తం 113 కిలోమీటర్లు, మైళ్లలో 70.3, పేరులోని అంకె అదే. గడువు ఎనిమిదిన్నర గంటలు. ఈతను 1 గంట 10 నిమిషాలలోపు ముగించలేని వారిని అక్కడే ఆపేస్తారు. గోవాలో ఈ పోటీ 2019లో మొదలైంది, ఈత పణజిలోని మీరామార్ తీరంలో సముద్రంలో జరుగుతుంది.

ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చేనాటికి జనవరి, మూడో సంవత్సరం రెండో సెమిస్టర్ అప్పుడే మొదలైంది. వయసు 20, ఊరు కోనసీమ. అంతకుముందు ఒక హాఫ్ మారథాన్‌ను 2 గంటల 12 నిమిషాల్లో పరుగెత్తింది. సైకిల్ ఒక సీనియర్ దగ్గర అరువు తెచ్చుకున్నది. ఈత మాత్రం చిన్నప్పుడే వచ్చు, వాళ్ల తాతగారు కాలువలో టైరు ట్యూబు కట్టి నేర్పారట. కాలువలో నేర్చుకున్న చాలామందిలాగే తల నీటిపైన ఉంచి ఈదేది. నీళ్లంటే భయం లేకపోవడం పెద్ద ఆస్తి. కానీ తల పైకెత్తితే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి, అప్పుడు ప్రతి మీటరుకూ శ్రమ బాగా పెరుగుతుంది. తలను నీటిలో ఉంచి పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవడం అలవాటు కావడానికి ఆరు వారాలు పట్టింది. ఈ కేసులో నేను అనుకున్నట్టుగా సాగిన భాగం అదొక్కటే కాబట్టి దాన్ని ఇంతటితో వదిలేస్తాను.

మొదటి ప్రణాళిక

నా దగ్గర శిక్షణ తీసుకునేవారిలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ముప్పై దాటినవారు. వారికి పనికివచ్చే ప్రణాళిక ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉండేది: పోటీ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ, వారానికి 11 గంటలు, మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించే పద్ధతి. ఆమెకూ అదే ఇచ్చాను. విద్యార్థులకు ఉద్యోగుల కంటే తీరిక ఎక్కువ అన్న అభిప్రాయం అప్పట్లో నాకు బలంగా ఉండేది. తరగతులు తొమ్మిదికి మొదలై నాలుగుకు ముగుస్తాయి కదా అనుకున్నాను. ఆ లెక్కలో ల్యాబ్ రికార్డులు లేవు, అసైన్‌మెంట్లు లేవు, రాత్రి పదిన్నర దాకా సాగే కోడింగ్ పరీక్షలు లేవు, హాస్టల్ గేటు లేదు.

గేటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆమె రోజును నా ప్రణాళిక కంటే ఎక్కువగా నడిపింది ఆ గేటే. ఉదయం 5.30కి తెరుస్తారు, రాత్రి 9కి మూస్తారు. ఈతకొలను ఏడు కిలోమీటర్ల దూరంలో ఉంది, మొదటి బ్యాచ్ ఆరింటికి. గేటు తెరవగానే సైకిల్ మీద బయలుదేరి, ఏడింటికి కొలనులోంచి బయటికి వచ్చి, తిరిగి హాస్టల్ చేరేసరికి 7.45 దాటేది. మెస్‌లో టిఫిన్ 8.30 వరకే. స్నానం చేసి ఆమె ప్లేటు పట్టుకునే సమయానికి ఉప్మా గిన్నెలో అడుగంటిన మాడు మిగిలేది. సాయంత్రం జిమ్‌లో గంటసేపు సైకిల్ తొక్కి, అక్కడి నుంచి లైబ్రరీకి వెళ్లి, గేటు మూసే లోపు పరుగున వస్తే మెస్ కట్టేసే వేళ అయ్యేది. రాత్రి పన్నెండుకు పడుకుని ఐదింటికి లేచేది. ఇదంతా నాకు ఏప్రిల్‌లో తెలిసింది. జనవరిలో అడిగి ఉండవలసింది.

శిక్షణ భారాన్ని కొలవడానికి నేను అమెరికా పరిశోధకుడు కార్ల్ ఫాస్టర్ ప్రచారంలోకి తెచ్చిన తేలికైన పద్ధతి వాడతాను. వ్యాయామం ముగిశాక, ఎంత కష్టమనిపించిందో 0 నుంచి 10 వరకు ఒక అంకె చెప్పమంటాను. ఆ అంకెను నిమిషాలతో గుణిస్తే ఆ పూట భారం వస్తుంది. 90 నిమిషాల సైకిల్‌కు 6 అంటే 540. ఫిబ్రవరిలో ఆమె వారం మొత్తం సుమారు 3,300 వచ్చేది. మార్చిలో అవే నిమిషాలకు, అదే వేగానికి ఆమె చెప్పే అంకెలు పెరుగుతూ పోయాయి, వారం మొత్తం 4,000 దాటింది. పని పెరగకుండా భారం పెరిగిందంటే శరీరం కోలుకోవడం లేదని అర్థం. ఆ సూచన నా కంప్యూటర్‌లో నా కళ్లముందే ఉంది. నేను దాన్ని మొదటి మిడ్ పరీక్షల ఆందోళనగా భావించి, రెండు రోజులు సెలవు ఇచ్చి సరిపెట్టాను. ఉదయం లేవగానే నాడి నిమిషానికి 54 ఉండేది, మార్చి చివరికి 63కు చేరింది. నెలన్నరలో రెండుసార్లు జలుబు చేసింది.

చేవెళ్ల దారిలో

ఏప్రిల్ మొదటి ఆదివారం చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కింద 70 కిలోమీటర్ల సైక్లింగ్ పెట్టుకున్నాము. నలభై కిలోమీటర్ల దగ్గర ఆమె వెనకబడింది. ఒక టిఫిన్ బండి దగ్గర ఆగి చూస్తే, సైకిల్‌ను చెట్టుకు ఆనించి, హెల్మెట్ తీయకుండానే నాలుగు ఇడ్లీలు తిని, మరో నాలుగు చెప్పింది.

"రాత్రి ఏం తిన్నావమ్మా?" అని అడిగాను.

"మెస్ కట్టేశారు సార్. బిస్కెట్లు ఉంటే తిన్నాను."

"మరి పొద్దున?"

"అరటిపండు."

ఆమె దిగి నడుస్తున్నప్పుడు ఎడమకాలు మీద బరువు వేయకపోవడం గమనించాను. మోకాలి కింద, కాలి ముందు ఎముక లోపలి అంచు మీద వేలితో నొక్కుకుంటూ వెళ్లమన్నాను. ఆ ఎముక వెంట నాలుగైదు అంగుళాల మేర పరచుకున్న నొప్పి అయితే సాధారణంగా కండరాలు, పొరల మీద ఒత్తిడి వల్ల వచ్చేది, పరుగు తగ్గిస్తే తగ్గుతుంది. ఆమె వేలు ఒక్క చోట, రూపాయి బిళ్లంత మేరలో ఆగి, ముఖం చిట్లించింది. అది వేరు. ఆ రోజు ఆమెను, సైకిల్‌ను కారులో తీసుకొచ్చాను.

మరునాడు క్రీడావైద్యురాలి దగ్గరకు పంపాను. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఒత్తిడి వల్ల ఎముకకు వచ్చే దెబ్బ తొలిదశలో ఎక్స్‌రేకు చాలాసార్లు అందదు. ఎంఆర్‌ఐలో ఎముక లోపల వాపు కనిపించింది, చీలిక గీత మాత్రం లేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10.9, ఇనుము నిల్వలను సూచించే ఫెరిటిన్ 11, రెండూ తక్కువే. డాక్టరు అడిగిన మూడో ప్రశ్నకే, అప్పటికి రెండు నెలలుగా నెలసరి రాలేదన్న విషయం బయటపడింది. ఆమె నాకు చెప్పలేదు, నేను అడగలేదు. మగ కోచ్‌ను కావడం వల్ల వచ్చిన మొహమాటం అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది వృత్తిలో చెల్లే సమాధానం కాదు. శ్రమకు తగిన తిండి అందనప్పుడు శరీరం ముందుగా సంతానోత్పత్తి, ఎముకల నిర్మాణం, రోగనిరోధకం వంటి పనులకు కోత పెడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ (క్రీడల్లో సాపేక్ష శక్తి లోటు) అని పేరు పెట్టి, మగవారిలోనూ ఇది వస్తుందని స్పష్టం చేసింది. ఈ అమ్మాయి బరువు తగ్గాలని తిండి మానలేదు. మెస్ వేళలకు, నా వేళలకు మధ్య తిండి జారిపోయింది.

డాక్టరు ఆరు వారాలు పరుగు ఆపేయమన్నారు. ఇనుము మాత్రలు రోజు విడిచి రోజు, నిమ్మరసంతో వేసుకోమని, టీ, కాఫీలను వాటికి దూరంగా ఉంచమని చెప్పారు. గోవా సంగతి అడిగితే, ముందు నెలసరి రానివ్వండి, తరువాత చూద్దాం అన్నారు.

క్యాలెండరు తిరగేసి

ఆరు వారాల విరామంలో ప్రణాళికను చించేసి కొత్తగా రాశాను. ఈసారి మొదట గోడ మీదికి ఎక్కింది కళాశాల అకడమిక్ క్యాలెండరు. మిడ్ పరీక్షలు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, సెమిస్టర్ పరీక్షలు, ఆగస్టు నుంచి ప్లేస్‌మెంట్ సీజన్ రాసి, మిగిలిన ఖాళీల్లో శిక్షణను నింపాము. పరీక్షల వారం 3 నుంచి 4 గంటలు, మామూలు వారం 7 గంటలు, సెలవుల్లో 10 నుంచి 12 గంటలు. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించే పద్ధతిని వదిలేశాను, ఎందుకంటే ఎప్పుడు తగ్గించాలో కళాశాలే ముందుగా నిర్ణయించి అచ్చువేసి ఇచ్చింది. పరీక్ష ఒత్తిడి కూడా శరీరం మోసే బరువే అని వాదించడానికి నా అనుభవం ఒక్కటే ఆధారం కాదు. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు మీద 2016లో వెలువడిన ఒక అధ్యయనం, పరీక్షల ఒత్తిడి ఉన్న వారాల్లో గాయాలు, అనారోగ్యం ఎక్కువయ్యాయని చూపింది.

రెండో నియమం నిద్రది. రాత్రి ఆరున్నర గంటల కంటే తక్కువ నిద్రపోతే ఉదయం వ్యాయామం రద్దు, నన్ను అడగనవసరం లేదు, సాయంత్రం అరగంట తేలికగా చేస్తే చాలు. చెప్పడానికి ఇది సులువుగా ఉన్నా, కష్టపడే స్వభావం ఉన్న విద్యార్థులు దీన్ని పాటించరు. ఆమె మొదటి రెండు వారాలు నాకు తెలియకుండా కొలనుకు వెళ్లింది. చివరికి, రద్దు చేసిన పూటను కూడా పట్టికలో ఒక వ్యాయామంగా నమోదు చేసి, ఎదురుగా టిక్ పెట్టే ఏర్పాటు చేశాను. గడి ఖాళీగా ఉండటమే ఆమెకు భరించరాని విషయమని అప్పటికి అర్థమైంది.

మూడోది తిండి, అసలు పని ఇక్కడే జరిగింది. మెస్ కాంట్రాక్టరుతో ఆమే మాట్లాడింది. రాత్రి ఎనిమిదికి ఆమె పేరుతో ఒక క్యారియర్ కట్టిపెట్టేలా, అందులో అన్నం, పప్పు, రెండు ఉడికించిన గుడ్లు, పెరుగు ఉండేలా నెలకు కొంత అదనంగా చెల్లించే ఒప్పందం కుదిరింది. వేకువన తినడానికి వాళ్లమ్మగారు హార్లిక్స్ డబ్బా నిండా సున్నుండలు పంపారు. ఒకటి తూకం వేసి చూశాను, 40 గ్రాములు ఉంది, మినుములు, బెల్లం, నెయ్యి లెక్కన సుమారు 180 కేలరీలు. గేటు తెరిచే లోపు ఒక సున్నుండ, ఒక అరటిపండు, కొలను నుంచి వచ్చే దారిలో ఇంకొక సున్నుండ, పావులీటరు పాలు. ఈ పూటలు కూడా పట్టికలోకి ఎక్కాయి. దుకాణాల్లో అమ్మే ప్రొటీన్ పొడుల గురించి నా దగ్గరకు వచ్చే విద్యార్థులందరూ అడుగుతారు. ఆ డబ్బు మెస్ కాంట్రాక్టరుకు ఇవ్వమని ఈ కేసు తరువాత నేను చెబుతున్నాను.

పరుగు లేని ఆరు వారాలూ కొలనులో లోతు ఉన్నచోట నడుముకు తేలే పట్టీ కట్టుకుని, నీటిలో నిలువుగా పరుగెత్తే వ్యాయామం చేయించాను. చూడటానికి నవ్వులాటగా ఉంటుంది, కొలనులో పిల్లలు నవ్వారు కూడా. గుండెకు మాత్రం మంచి పని పడుతుంది, ఎముక మీద బరువు పడదు. మే మధ్యలో ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడకతో మొదలుపెట్టాము. నెలసరి మే చివర్లో తిరిగి వచ్చింది. గోవాకు డాక్టరు అనుమతి ఆ తరువాతే వచ్చింది.

అయితే చదువు మీద పడిన దెబ్బ అంత త్వరగా మానలేదు. మార్చిలో అలసటతో రాసిన మిడ్ మార్కుల ప్రభావం జూన్ సెమిస్టర్ ఫలితాల్లో కనబడింది. ఒక సబ్జెక్టులో తప్పింది, సెమిస్టర్ సగటు 8.1 నుంచి 7.4కు దిగింది. ఆ సబ్జెక్టును తరువాత సప్లిమెంటరీలో గట్టెక్కింది. దానికి కారణాల్లో నా 11 గంటల ప్రణాళిక ఒకటని వాళ్ల నాన్నగారితో ఫోన్‌లో ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. "మీరు చెబితే వింటుందండి, ఈసారి చదువుకోమని కూడా చెప్పండి" అన్నారు.

సెలవులు, సముద్రం, హాజరు

సెమిస్టర్ పరీక్షల తరువాత నాలుగు వారాలు ఇంటి దగ్గర ఉంది. మొత్తం తయారీలో ఎక్కువ పని జరిగింది ఆ నాలుగు వారాల్లోనే. కొత్తగా కొన్న సెకండ్‌హ్యాండ్ రోడ్డు సైకిల్ మీద కాలువ గట్ల వెంట 60, 75, 90 కిలోమీటర్లు వెళ్లింది. అమ్మ చేతి భోజనం మూడు పూటలా, మధ్యాహ్నం గంట నిద్ర. కోనసీమ ఉక్కపోత కూడా కలిసివచ్చింది. శరీరం వేడికి అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ అలవాటు కొన్ని వారాల్లో చాలావరకు పోతుంది, అయినా గోవా లాంటి తేమలో సాధన చేయడం పొడిగా ఉండే హైదరాబాద్‌లో కష్టం. కాలువలో ఈదతానంటే ఒప్పుకోలేదు. లాకులు ఎత్తినప్పుడు ప్రవాహం ఎలా మారుతుందో తాతగారికి తెలుసు, పట్టికకు తెలియదు.

సముద్రం అలవాటు కోసం ఆగస్టులో రెండు రోజులు విశాఖపట్నం రుషికొండకు వెళ్లాము. అనుభవం ఉన్న సముద్ర ఈతగాడు పక్కన ఉండగా మాత్రమే నీటిలోకి దిగనిచ్చాను. మొదటిరోజు అలలు దాటేసరికి ఉప్పునీరు మింగి వాంతి చేసుకుంది. రెండోరోజు, పదిసార్లు చెయ్యి విసిరాక ఒకసారి తల ఎత్తి ఒడ్డున ఉన్న గుర్తును చూసుకుంటూ 1,200 మీటర్లు ఈదింది. చిన్నప్పుడు కాలువలో అలవాటైన, ఆరు వారాలు కష్టపడి మాన్పించిన తల ఎత్తే ఈత ఇక్కడ కొంచెం అవసరమైంది. ఆమె అది గమనించి నవ్వింది, నేను ఏమీ అనలేదు. నీటి ఉష్ణోగ్రత 24.5 డిగ్రీలు దాటితే ఈ పోటీల్లో మామూలు అభ్యర్థులకు వెట్‌సూట్ (చలి ఆపి, తేలడానికి సాయపడే రబ్బరు దుస్తు) వాడే వీలుండదు, గోవా సముద్రం అంతకంటే వెచ్చన, కాబట్టి ఆ ఖర్చు తప్పింది.

సెప్టెంబరులో ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలు పొడవైన సైక్లింగ్ ఆదివారాలను మింగేశాయి. నాలుగు పెట్టుకుంటే రెండే జరిగాయి, ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద. ఎండ, లారీలు లేకుండా మూడు గంటలు ఒకే వేగంతో తొక్కడానికి, తొక్కుతూ తినడం సాధన చేయడానికి అది మంచి చోటు. గంటకు 50 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లక్ష్యంగా పెట్టుకున్నాము: 750 మిల్లీలీటర్ల సీసాలో 45 గ్రాముల చక్కెర, ఒక నిమ్మకాయ, పావుచెంచా ఉప్పు, దానితోపాటు రెండు ఖర్జూరాలు. దుకాణంలో దొరికే శక్తి జెల్‌లు పోటీ రోజుకు రెండే కొన్నాము.

ఇక హాజరు. 75 శాతం నియమం మిగతా విద్యార్థులందరికీ ఉన్నట్టే ఆమెకూ ఉంది. ఒక ల్యాబ్‌లో 72 దగ్గర ఉంది. క్రీడాకారులకు ఇచ్చే మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టుకుంటే, కళాశాల వ్యాయామ విభాగంలో "ఆ ఆట మన లిస్టులో లేదమ్మా" అన్నారు. ట్రయథ్లాన్ 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి ఒలింపిక్ క్రీడ అని నేను రాసిచ్చిన ఉత్తరం ఫైలులో చేరింది, అంతే. సోమవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు ఆ ల్యాబ్ ఉంది. పోటీ ఆదివారం. అందుకని తిరుగు ప్రయాణాన్ని ల్యాబ్ వేళకు తగ్గట్టు ఏర్పాటు చేసుకున్నాము.

నాలుగో సంవత్సరం మొదటి మిడ్ పరీక్షలు పోటీకి పది రోజుల ముందు ముగిశాయి. చాలామంది విద్యార్థులు దీన్ని దురదృష్టంగా చూస్తారు. పోటీకి ముందు రెండు మూడు వారాలు శిక్షణ ఎలాగూ తగ్గించాలి, ఆ తగ్గింపు చాలామందికి చేతకాదు, ఏదో ఒకటి చేయాలన్న తహతహ ఆగదు. పరీక్షలు ఉండటం వల్ల ఆమెకు ఆ తహతహకు తీరిక లేకపోయింది.

ఫలితం: ఈత 52 నిమిషాలు, దుస్తులు, సైకిల్ మార్పుకు 7, సైకిల్ 3 గంటల 38 నిమిషాలు, రెండో మార్పుకు 6, పరుగు 2 గంటల 31 నిమిషాలు, మొత్తం 7 గంటల 14 నిమిషాలు. పరుగులో చివరి ఆరు కిలోమీటర్లు నడక ఎక్కువ, పరుగు తక్కువ. ఆరు వారాల విరామం, పోయిన రెండు ఆదివారాలు అక్కడ లెక్కకు వచ్చాయి. జనవరిలో ఆమె అనుకున్నది ఆరున్నర గంటలు. కాలు నొప్పి రాలేదు. డిసెంబరు రక్తపరీక్షలో ఫెరిటిన్ 34, ఆ సెమిస్టర్ సగటు 7.9, ఉద్యోగం అక్టోబరులోనే వచ్చింది.

ఇప్పుడు నా దగ్గర కొత్తగా చేరే ప్రతి విద్యార్థి నింపే ఫారంలో మొదటి పేజీ అకడమిక్ క్యాలెండరు, రెండో పేజీ హాస్టల్ గేటు, మెస్ వేళలు. నెలసరి గురించిన ప్రశ్న మూడో పేజీలో ఉంది, ఆ పేజీని మా కొలనులోని మహిళా శిక్షకురాలు చూస్తారు.

పోటీ ముగిసిన సాయంత్రం పణజిలో ఎక్కిన బస్సు మరునాడు ఉదయం హైదరాబాద్‌లో దింపింది. ఒకటిన్నరకు ల్యాబ్‌కు వెళ్లింది. చేతి మీద అతికించిన పోటీ నంబరు ఇంకా పోలేదు, ల్యాబ్ సార్ అదేమిటని అడిగితే చెప్పిందట. ఆయన మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకున్న ఆమెను చూసి, రికార్డు తరువాత చూపించమన్నారు, హాజరు మాత్రం వేశారు. సెమిస్టర్ చివరికి ఆ సబ్జెక్టులో 76 శాతం వచ్చింది.